మామగారి మీసం: అయిదు మిల్లీమీటర్ల లోతు

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి, ఒక్క నిర్ణయమూ తీసుకోకుండా రిటైరైన ఘనుణ్ణి నేను. ‘పరిశీలించి తగు ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది’ అన్న ఒక్క వాక్యం పట్టుకుని గుమస్తా కుర్చీ నుంచి సూపరింటెండెంటు కుర్చీ దాకా పాకాను. ఫైలు నా బల్ల మీద నెలల తరబడి ఉండేది గాని, దాంట్లో నా అభిప్రాయం మచ్చుకైనా ఉండేది కాదు. ఇంట్లోనూ అదే పద్ధతి. కూరేం చెయ్యమంటారని మా ఆవిడ అడిగితే ‘నీ ఇష్టం’ అంటాను. చేశాక మొహం చిట్లిస్తాను. ఈ మాత్రం ప్రజ్ఞ గలవాడు రిటైరయ్యాక పార్కులో నాలుగు చుట్లు తిరిగి, బెంచీ మీద కూర్చుని దేశాన్ని తిట్టుకుంటూ కాలక్షేపం చెయ్యాలి. నేను మిషను కొన్నాను.

మిషనంటే బల్ల మీద పట్టే సీఎన్‌సీ మిషను. పొడవు 30, వెడల్పు 18 సెంటీమీటర్లున్న బెడ్డు, దాని మీద మూడు దిక్కులా కదిలే తల. ఆ తలకు స్పిండిల్ పెట్టి బిట్టు బిగిస్తే చెక్కను తొలుస్తుంది. స్పిండిల్ ఊడదీసి లేజర్ తగిలిస్తే అదే చెక్క మీద కాల్చి బొమ్మ వేస్తుంది. నేను చూసిన వీడియోలో ఒక కుర్రాడు కంప్యూటర్లో ఫోటో పడేశాడు, బటన్ నొక్కాడు, టీ తాగి వచ్చేసరికి వాళ్ల తాతగారు చెక్క మీద నవ్వుతున్నారు. ఎవరి సంతకమూ అక్కర్లేదు, ఎవరి బాధ్యతా లేదు, ఉన్నదల్లా బటనే. ఇది నా కోసమే పుట్టిందనుకుని గ్రాట్యుటీలోంచి గిల్లి కొనేశాను.

ఎక్కడ పెట్టాలన్నది మా ఆవిడ తేల్చింది. వాషింగ్ మిషన్ పక్కన, వంటింటి వెనక బాల్కనీలో. ‘అక్కడైతే పొగ బయటికి పోతుంది, మీరూ బయటే ఉంటారు’ అంది. రెండో లాభం గురించి మాట్లాడినప్పుడు ఆవిడ గొంతులో వినిపించిన ఉత్సాహాన్ని నేను పట్టించుకోలేదు.

బటన్ సంగతి అలా ఉంచి అసలు కథలోకొస్తే, మిషను బొమ్మను చూడదు. దానికి తెలిసినవి మూడే ముక్కలు: ఎక్కడికి పోవాలి, ఎంత వేగంగా పోవాలి, పోతూ ఎంత కాల్చాలి. ఈ మూడూ వరసల వరసలుగా రాసిచ్చే భాష పేరు జీ-కోడ్. జీ21 అంటే కొలతలన్నీ మిల్లీమీటర్లు. జీ90 అంటే దూరాలన్నీ ఒకే సున్నా నుంచి లెక్క. జీ0 అంటే పనేమీ చెయ్యకుండా పరుగెత్తు. జీ1 అంటే పని చేస్తూ నడువు. ‘జీ1 ఎక్స్40 వై25 ఎస్300 ఎఫ్1500’ అని రాశామనుకోండి, నువ్వెక్కడున్నా సరే, అడ్డంగా 40, నిలువుగా 25 దగ్గరున్న చోటికి, వెయ్యిలో 300 పాళ్ల వెలుగుతో, నిమిషానికి 1500 మిల్లీమీటర్ల వేగంతో తిన్నగా పో అని అర్థం. పోతుంది. మధ్యలో చెక్కను పట్టి ఉంచిన క్లాంపు అడ్డమొస్తే క్లాంపును గుద్దుకుంటూ పోతుంది. జీ21 ఉండాల్సిన చోట జీ20 పడిందంటే అవే అంకెలు అంగుళాలైపోతాయి, బొమ్మ 25.4 రెట్లు పెరిగిపోతుంది. మిషను చట్రానికి తల బాదుకుంటూ గరగరలాడుతుందే తప్ప, ‘అయ్యా, తమ ఉద్దేశం ఇదేనా?’ అని ఒక్క క్వెరీ రాయదు. మా ఆఫీసులో ఎంత పనికిరాని గుమస్తా అయినా క్వెరీ రాసేవాడు.

ఈ పద్ధతికి నాకన్నా వయసెక్కువ. అంకెలు చెప్పి యంత్రం చేత లోహాన్ని కోయించే పద్ధతిని అమెరికాలోని ఎమ్‌ఐటీ వాళ్లు 1952లో చూపించారు. జాన్ పార్సన్స్ అనే ఆయనకు హెలికాప్టర్ రెక్కల వంపులు సరిగ్గా కోయించాల్సిన అవసరం పడి పుట్టిన ఆలోచన అది. 1959లో అదే ఎమ్‌ఐటీ వాళ్లు, యంత్రానికి ఆజ్ఞలు రాసిపెట్టే ఏపీటీ అనే కంప్యూటర్ భాషను పరిచయం చేస్తూ పత్రికల వాళ్లను పిలిచి, ఆ పద్ధతిలో కోసిన అల్యూమినియం యాష్‌ట్రేలు పంచిపెట్టారు. అంతటి మేధావులు కూడా చివరికి చేసి పంచింది యాష్‌ట్రేలేనని నేను మా ఆవిడకు గర్వంగా చెప్పాను. ‘వాళ్లకు జీతమిచ్చారు కదా’ అంది.

నా మిషను బుర్రలో నడిచేది జీఆర్‌బీఎల్ అనే ఉచిత ప్రోగ్రాము. నార్వే దేశస్థుడు సిమెన్ స్వాలే స్కోగ్స్‌రూడ్ 2009లో మొదలుపెట్టాడు. ఆర్డుయినో యూనో అనే చిన్న బోర్డు మీద సరిపోతుంది. ఆ బోర్డు జ్ఞాపకశక్తి రెండంటే రెండు కిలోబైట్లు. అందుకే బొమ్మంతా ఒకేసారి మింగలేదు, ల్యాప్‌టాప్ పక్కన కూర్చుని వరస తర్వాత వరస అందిస్తూ ఉండాలి. ల్యాప్‌టాప్ కునుకు తీసిందంటే మిషను తరవాతి ఆజ్ఞ కోసం ఉన్నచోటే నిలబడుతుంది. అప్పుడు ఎం3 అని రాసి ఉంటే లేజర్ వెలుగుతూనే ఉండి ఆ చుక్క దగ్గర చెక్కను బొగ్గు చేస్తుంది. లేజర్ మోడ్ పెట్టుకుని ఎం4 అని రాస్తే, తల నెమ్మదించినప్పుడు వెలుగు తగ్గుతుంది, ఆగితే ఆరిపోతుంది. ఈ తేడా నాకు మా ఇంటి పీట చెప్పింది. పొద్దున్న పీట వేసి కూర్చోబోయిన మా ఆవిడ, మధ్యలో చిల్లు చూసి, ‘ఇదేమన్నా నీళ్లు పోవడానికా?’ అని అడిగింది.

పీట ఒక్కటే బలి కాలేదని కూడా ఒప్పుకోవాలి. ప్రతి చెక్కకూ కాలే తీరు వేరు. అందుకని ముందు గళ్లు వేసుకోవాలి. అడ్డంగా పోయేకొద్దీ వేగం పెరగాలి, కిందికి దిగేకొద్దీ వెలుగు పెరగాలి, ఏ గడి కావలసినంత గోధుమరంగులో వచ్చిందో చూసి ఆ లెక్క రాసుకోవాలి. ఈ శాస్త్రం ఒంటబట్టిన కొత్తలో ఇంట్లో చెక్క కనిపిస్తే చాలు గళ్లు వేశాను. చపాతీ పీట వెనక గళ్లు. కవ్వం పెట్టుకునే పెట్టె మూత మీద గళ్లు. దేవుడి మందిరం తలుపు లోపలి పక్కన, ఎవరికీ కనబడవనుకున్న చోట, గళ్లు. హారతి ఇచ్చేటప్పుడు తలుపు తెరుస్తారన్న సంగతి నాకు తట్టలేదు. అప్పడాల కర్ర మీద మాత్రం కుదరలేదు. లేజర్ వెలుగు ఒక్క ఎత్తులోనే సూదిమొనలా కుదురుతుంది, కర్ర గుండ్రం కాబట్టి నడిమి గీత నల్లగా, పక్క గీతలు పాలిపోయి వచ్చాయి. ‘అప్పడానికి కూడా లెక్కలు వేస్తున్నారా’ అంటూ మా ఆవిడ కర్ర లాక్కుపోయింది. ఆ తర్వాత కర్ర చేతిలో ఉన్నప్పుడు నేను ఆ పక్కకు పోలేదు.

ఒక్కసారి మాత్రం నేను తెలివిగా ప్రవర్తించాను, దానికి గుర్తింపు రాలేదు. మా ఆవిడ తన పాత రెక్సిన్ బ్యాగు తెచ్చి, దీని మీద నెమలి వెయ్యండి అంది. పీవీసీ పూసిన గుడ్డే రెక్సిన్. పీవీసీని లేజర్‌తో కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. మన ఊపిరితిత్తులనూ తినేస్తుంది, మిషను పట్టాలనూ తినేస్తుంది. చెయ్యనుగాక చెయ్యనన్నాను. ‘మీ చెల్లెలి బ్యాగైతే చేసేవారు’ అంది. రసాయన శాస్త్రానికి ఈ ఇంట్లో ఆడపడుచు ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఇక ఫోటో. మా ఆవిడ ఫోటో చెక్క మీద దింపి పెళ్లిరోజుకు ఇద్దామనుకున్నాను. 15 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల ఎత్తు. గీతకూ గీతకూ మధ్య మిల్లీమీటరులో పదో వంతు. అంటే రెండు వేల గీతలు, ముప్పై లక్షల చుక్కలు. లేజర్ అటూ ఇటూ నడిచే దూరం 300 మీటర్లు. నిమిషానికి మీటరున్నర చొప్పున మూడు గంటల ఇరవై నిమిషాలు, మలుపుల దగ్గర పోయే కాలం వేరే. వీడియోలో కుర్రాడు తాగిన టీ ఎంత పెద్ద గ్లాసుదో ఇప్పుడు లెక్క తేలింది.

చెక్క మీద చుక్క కాలడమో కాలకపోవడమో తప్ప, మధ్యరకపు బూడిదరంగు నికరంగా రాదు. మరి చెంప మీది లేత నీడ ఎలా వస్తుంది? చుక్కలు దగ్గరగా పడితే చీకటి, ఎడంగా పడితే వెలుగు, దూరం నుంచి చూస్తే కన్ను కలిపేసుకుంటుంది. ఏ చుక్క వెయ్యాలో ఏది మానాలో తేల్చే ఉపాయాల్లో పేరున్నది 1976లో రాబర్ట్ ఫ్లాయిడ్, లూయీ స్టైన్‌బర్గ్ ప్రకటించింది. సున్నా అంటే కటిక నలుపు, 255 అంటే తెలుపు అనుకుందాం. ఒక చుక్క విలువ 100 ఉంది. అది సగానికి తక్కువ కాబట్టి నలుపని తీర్మానిస్తాం. అలా తీర్మానించడంలో 100 మేర తప్పు జరిగింది. ఆ తప్పును ఏం చెయ్యాలి? పదహారు భాగాలు చేసి, కుడిపక్క చుక్కకు ఏడు, కింది వరసలో ఎడమవాడికి మూడు, సరిగ్గా కిందివాడికి అయిదు, కుడివాడికి ఒకటి పంచాలి. ఆ చుక్కలు తమ వంతు వచ్చినప్పుడు ఆ తప్పును కలుపుకుని లెక్క వేసుకుని, మిగిలింది మళ్లీ పక్కకూ కిందికీ నెడతాయి.

చదవగానే కళ్లు చెమర్చాయి. అచ్చం మా సెక్షనే! తప్పు పక్క సీటుకు పోవాలి, లేదా కింది సీటుకు పోవాలి, పై వరసకు మాత్రం ఎన్నడూ పోకూడదు. పై వరస ఎప్పుడో ఖరారైపోయింది కదా. నా సర్వీసంతా నేను పాటించిన సూత్రాన్ని ఇద్దరు పెద్దమనుషులు గణితంగా రాసిపెట్టారు, పైగా దాంతో మనిషి మొహం స్పష్టంగా వస్తుందట. మా సెక్షన్లో ముప్పై ఏళ్లలో ఎవరి మొహమూ స్పష్టంగా రాలేదు, బహుశా భాగాలు సరిగ్గా పంచుకోలేదేమో.

ఫోటో కాలింది. చెంప మీద చిన్న చిన్న చతురస్రాలు! కూతురు వాట్సాప్‌లో పంపిన ఫోటో అది. జేపెగ్ అనే పద్ధతి బొమ్మను ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు ముక్కలుగా కోసి కుదిస్తుంది, మరీ కుదిస్తే ఆ ముక్కల అంచులు బయటపడతాయి. ఫోన్లో మనకు కనబడవు. మనం మనిషిని చూస్తున్నాం. మిషను చతురస్రాలను చూసింది, చూసినదాన్ని భక్తిగా కాల్చింది. ‘టైల్స్ బాగున్నాయి, బాత్‌రూములో వేయించుకుందాం’ అంది మా ఆవిడ.

అసలు ఫోటో తెప్పించి, వెనకనున్న పూలకుండీలు తుడిచేసి, వెలుగునీడల తేడా పెంచి మళ్లీ చేశాను. ఈసారి నిజంగా బాగుంది. అయితే లేజర్ నల్లబరచగలదే గాని చెక్క సొంత రంగు కన్నా తెల్లగా చెయ్యలేదు. పట్టుచీర జరీ అయినా, మల్లెపూలయినా ఎంత తెలుపున్నా చెక్క రంగు దగ్గర ఆగిపోవలసిందే. నేను వాడింది టేకు. ఆవిడ దాన్ని చేత్తో పట్టుకుని కాసేపు చూసింది. ‘మీ చెల్లెలికి చేసినప్పుడు తెల్లటి పైన్ చెక్క వాడారు. నాకు టేకా?’ టేకు ఖరీదెక్కువే అన్నాను. ‘ఖరీదు నా మొహం మీద రాసి ఉంటుందా?’ అంది. సమర్పించడమైనది అని రాయడానికి నా దగ్గర ఫైలు లేకపోయింది.

మొహాలు వదిలేసి అక్షరాలకు దిగాను. గుమ్మం దగ్గర ‘సుబ్బలక్ష్మి నిలయం’ అని పేరుపలక. అక్షరాల్లో వెలుగునీడల గోల లేదు, అంచు ఉంది, లోపలుంది, బయటుంది. కాని చెక్కే సాఫ్ట్‌వేర్లో నేరుగా తెలుగు కొట్టానో లేదో, వత్తులు కింద కుదురుకోకుండా పక్కకు వచ్చి నిలబడ్డాయి. బ పక్కన ఇంకో బ, క పక్కన ష, దాని పక్కన మ, మధ్యలో పొల్లులు. ఇంగ్లీషులో అక్షరం పక్కన అక్షరం పేరిస్తే అయిపోతుంది. మన లిపికి అలా కుదరదు, ఏది దేని కింద చేరాలో, చేరితే ఏ ఆకారం తీసుకోవాలో తెలిసిన ప్రోగ్రాము కావాలి. చివరికి ఇంక్‌స్కేప్ అనే ప్రోగ్రాములో పేరు కొట్టి, ‘ఆబ్జెక్ట్ టు పాత్’ నొక్కి, అక్షరాలను ఒట్టి గీతలుగా మార్చి ఇస్తే అప్పుడు మిషను నోరు మూసుకుని తీసుకుంది.

అంతటితో ఆగితే నేనెందుకవుతాను! అక్షరాలను పలక మీద చెక్కే బదులు ప్లైవుడ్‌లోంచి అవతలి దాకా కోసి, వెనక దీపం పెడదామనుకున్నాను. సున్న కోయగానే మధ్యలో గుండ్రటి బిళ్ల ఊడి కింద పడింది. మన అక్షరాలన్నీ గుండ్రాలే కాబట్టి ‘మ’ వత్తు కడుపులోదీ పడింది. సరే, పలకను వదిలేసి అక్షరాలనే విడిగా కోసి గోడకు అంటిద్దామంటే ఇంకో చిక్కు. స, ప లాంటి అక్షరాలకు చాలా ఫాంట్లలో తలకట్టు ఒంటికి అంటుకుని ఉండదు, పైన విడిగా ఉంటుంది. వత్తులూ అంతే. కోత అయ్యాక బెడ్డు మీద ఒక తలకట్టు, మూడు వత్తులు, కొన్ని గుడులు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. మా ఆవిడ వచ్చి చూసి, ‘ఇందులో నేను ఎక్కడున్నాను?’ అంది.

విడి ముక్కలను కలుపుతూ సన్నటి వంతెనలు గీసుకోవాలి. ఎక్కడ గీస్తే అక్షరం చెడదో మనిషే చూసుకోవాలి, దానికి బటన్ లేదు. ఈ సంగతి నాకు క్రమంగా అర్థమవుతూ, అర్థమైనకొద్దీ గుండె జారుతూ వచ్చింది. బొమ్మకూ చెక్కకూ నడుమ ప్రతి మెట్టు దగ్గరా ఎవరో ఒకరు ‘ఇది గీత, ఇది నీడ, ఇది అక్కర్లేదు’ అని తేల్చి సంతకం పెట్టాలి. ప్రోగ్రాములకు ఉన్నవి బటన్లే, సంతకం నాదే.

నా ఘనకార్యాలు ఫోన్లో చెప్పుకుంటుంటే మా అత్తగారు ధర్మవరం నుంచి చల్లగా నవ్వింది. ‘దీంట్లో వింతేముంది నాయనా, మా వీధిలో మగ్గమున్న ప్రతి ఇంట్లోనూ చేసేదే కదా.’ నిజమే. చీర అంచు మీది హంసను ముందు గళ్ల కాగితం మీద వేస్తారు. ఏ గడి నింపాలో ఏది వదలాలో తేల్చుకుంటారు. ఆ వరసలను అట్టలకు చిల్లులుగా కొడతారు. చిల్లు ఉన్నదీ లేనిదీ చూసి జకార్డు ఏ పోగు లేపాలో తెలుసుకుంటుంది. ఫ్రాన్సులో జోసెఫ్ మారీ జకార్డు ఆ పరికరాన్ని 1804లో తయారుచేశాడు. 1839లో లియోన్ నేతగాళ్లు ఆయన బొమ్మనే పట్టులో నేశారు. ఒక్క మొహానికి పట్టిన అట్టలు దాదాపు 24,000. కంప్యూటర్ తాత అనిపించుకున్న చార్లెస్ బాబేజ్ దాన్నొకటి సంపాదించి ఇంటికొచ్చిన వాళ్లకు చూపించుకునేవాడు. అత్తగారికి ఈ చరిత్ర అంతా వివరించబోయాను. ‘అన్ని అట్టలు కొట్టినవాడి పేరేమిటి?’ అని అడిగింది. నేను ఫోను మా ఆవిడకిచ్చాను.

ఆ ఫోన్లోనే పెద్ద ముప్పు వచ్చి పడింది. మామగారి సహస్ర చంద్ర దర్శనం. వెయ్యి పున్నములు చూడడానికి దాదాపు 80 ఏళ్ల పది నెలలు పడుతుంది. ఆయన పూర్తిచేశారు, వేడుక చేస్తున్నారు. ‘అల్లుడుగారి మిషనుంది కదా, నాన్న బొమ్మ ఒకటి చెక్కించుకొస్తాం’ అని మా ఆవిడ మాట ఇచ్చేసింది. లేజర్‌తో కాల్చిన బొమ్మ కాదు, చేత్తో తడిమితే ముక్కు తగలాలట.

మామగారు రిటైర్డ్ తెలుగు పండితులు. నుదుట మూడు విభూతి రేఖలు, నున్నటి బట్టతల, నల్లటి కళ్లద్దాల చట్రం, ఇప్పటికీ నెలకోసారి రంగు వేయించుకునే గుబురు మీసం. ఫోటోను ఎత్తుపల్లాలుగా మార్చే ప్రోగ్రాములో వేశాను. దాని సూత్రం తేలిక. తెలుపంటే ఎత్తు, నలుపంటే లోతు, మధ్యలోవి మధ్యలో. నేనిచ్చిన లోతు 5 మిల్లీమీటర్లు.

ముందు గరుకు కోత. మట్టంగా ఉన్న మొనతో చెక్కను మెట్లు మెట్లుగా తీసేస్తుంది. తర్వాత సన్నటి గుండ్రపు మొనతో నునుపు కోత, గీత గీతకూ మిల్లీమీటరులో పదో వంతు జరుగుతూ. 12 సెంటీమీటర్ల వెడల్పు, 16 సెంటీమీటర్ల ఎత్తున్న బొమ్మకు మొన నడిచే దూరం 192 మీటర్లు, నిమిషానికి 800 మిల్లీమీటర్ల చొప్పున నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ ఇల్లంతా కీచుమంటూ మోత. సీరియల్లో అత్త ఏమందో వినబడక మా ఆవిడ, మాగాయ జాడీ మీద పొట్టు పడిందని మా ఆవిడ, నిద్ర పట్టక పై ఫ్లాటాయన.

పొట్టు ఊదేసి చూద్దును కదా, మీసం ఉండాల్సిన చోట గాడి ఉంది! నిండా 5 మిల్లీమీటర్ల లోతు. మరి మీసం నల్లగా ఉంది, నలుపంటే లోతు. కళ్లద్దాల చట్రం రెండు గుండ్రటి కందకాలు. కనుపాపలు రెండు బావులు. ట్యూబులైటు తళుకు పడిన బట్టతల కొసన ముక్కు కన్నా ఎత్తైన గుట్ట. విభూతి మూడు గట్లు. ముక్కుకు ఎడమవైపు నీడ పడింది కాబట్టి ఆ పక్క చెంప మొత్తం కుంగిపోయింది. వెలుగు ఎటునుంచి పడిందో మిషను చెక్కింది, మామగారు ఎలా ఉంటారో దానికెవరూ చెప్పలేదు. మా ఆవిడ ఆ గాడిలో ఒక అగరుబత్తి పెట్టి చూసి, ‘సరిగ్గా సరిపోయింది, పూజలో పెట్టుకోవచ్చు’ అంది.

తిరగేస్తే సరిపోతుందని ఎవరో అన్నారు. నలుపు ఎత్తు, తెలుపు లోతు. ఈసారి మీసం పుష్కలంగా ముందుకొచ్చింది. దాంతోపాటు కనుపాపలూ పొడుచుకుని వచ్చాయి. విభూతి మూడు గాట్లయింది. బట్టతల కొసన గుంట పడింది. అది మా ఆవిడకు చూపించలేదు. స్టోరు అటక మీద, దసరా బొమ్మల వెనక ఉంది.

ఇక గత్యంతరం లేదు. ఫోటోను పక్కన పెట్టి, ఏది ఎత్తో ఏది పల్లమో కంప్యూటర్లో చేత్తో గీసుకోవాలి. ముక్కు కొస తెల్లగా, చెవి వెనక నల్లగా, తక్కినవి వాటి తాహతును బట్టి. నిజం మొహంలో ముక్కు కొస నుంచి చెవి దాకా ఉన్న లోతునంతా 5 మిల్లీమీటర్లలో ఇరికించాలి. అన్నిటినీ ఒకే పాలున తగ్గిస్తే పెదవులు, కనురెప్పలు అసలు కనబడకుండా పోతాయి. రూపాయి నాణెం చూడండి, బొమ్మ ఎత్తు ఎంతో లేదు, అయినా గుర్తుపడతాం. పెద్ద ఎత్తులను బాగా నొక్కి, చిన్న ఎత్తులకు ఎక్కువ వాటా ఇవ్వడంలో ఉంది కిటుకు. ముక్కుకెంత, మీసానికెంత, చెంపకెంత? ఏ జీవోలోనూ లేదు.

చెంప ఎముక ఎత్తా, కనుబొమ్మ ఎత్తా? పాతికేళ్లకు పైగా చూస్తున్న మామగారి మొహం గురించి నాకా సంగతి తెలియదు. ధర్మవరం పోయినప్పుడు, ఆయన పేపరు చదువుకుంటుంటే పక్కనుంచీ వెనకనుంచీ వంగి వంగి చూశాను.

‘ఏమిటి అల్లుడుగారూ, ముక్కు మీద ఏమన్నా వాలిందా?’

‘లేదండీ మావయ్యగారూ, ఎత్తు చూస్తున్నాను.’

‘నంది తిమ్మన తర్వాత ముక్కు మీద ఇంత పరిశ్రమ చేసింది మీరే’ అని పేపరు తిప్పారు. ముక్కు మీద పద్యం చెప్పి ముక్కు తిమ్మన అయిపోయాడని చెప్పుకునే కవి ఆ తిమ్మన. నాకు ఏ పేరు వస్తుందోనని భయం వేసింది.

కేటాయింపులు చేశాను. ముక్కుకు సింహభాగం. మీసానికి ఒక మిల్లీమీటరు పొంగు, దాని మీద వెంట్రుకల కోసం సన్నటి గీతలు. కళ్లద్దాలు తీసేశాను, చెక్కలో గాజు రాదు. విభూతి రేఖలను ఎత్తు చెయ్యకుండా చివర్లో లేజర్‌తో కాల్చాను. తెల్లగా ఉండాల్సిన విభూతి నల్లగా వచ్చిందని తెలుసు, తెలిసే పెట్టాను. ముప్పై ఏళ్లు తప్పించుకు తిరిగిన నిర్ణయాలన్నీ ఒక్క మొహం మీద తీసుకున్నట్టయింది. చెక్కుతుండగా కరెంటు పోయింది. మిషనుకు తానెక్కడుందో గుర్తులేదు. అదృష్టవశాత్తూ చెక్క మూల సున్నా గుర్తు వేసి ఉంచాను కాబట్టి మళ్లీ అక్కణ్ణుంచి మొదలుపెట్టగలిగాను. కింద పేరు మాత్రం వీ-బిట్టుతో చెక్కాను. గీత వెడల్పయిన చోట ఆ మొన లోతుకు దిగుతుంది, సన్నమైన చోట పైకి తేలుతుంది. మన అక్షరాల వంపులకు అది అతికినట్టు ఉంటుంది.

వేడుకలో బొమ్మ చేతికిచ్చాను. మామగారు కళ్లద్దాలు పెట్టుకుని, పండితుడు పేపరు దిద్దే తీరులో పైనుంచి కిందికి చూశారు. బొటనవేలితో చెక్కమీసం దువ్వారు. ‘మొహానికి ముప్పై అయిదు. అక్షరాలకు అరవై’ అన్నారు. పాసయ్యాను.

అక్షరాలకు అరవై వచ్చిందన్న వార్త బంధువుల్లో పాకి, పేరుపలకలకు బేరాలు మొదలయ్యాయి. నేను ‘మీ ఇష్టం’ అనబోయేలోగా మా ఆవిడ రేటు కట్టేసింది. అక్షరానికి పది రూపాయలు, వత్తుకు అయిదు, చెక్క ఖరీదు విడిగా, అడ్వాన్సు ముందు. ‘క్ష’ను ఒక అక్షరంగా తీసుకోవాలా, క కింద ష వత్తుగా తీసుకోవాలా అని మొదటి రోజే తగాదా వచ్చింది. మామగారు వ్యాకరణం చెప్పబోయారు. వ్యాకరణానికి రేటు లేదంది ఆయన కూతురు. లక్ష్మీనరసింహమూర్తి అనే దూరపు బంధువు వేళ్ల మీద లెక్క వేసుకుని, గతుక్కుమని, ‘పోనీలేమ్మా, ఎల్. ఎన్. మూర్తి అని వేయించు’ అన్నాడు.

‘సరే అన్నయ్యా’ అంది మా ఆవిడ, పుస్తకంలో రాసుకుంటూ. ‘పొల్లులు రెండు, చుక్కలు రెండు. చుక్కకు వేరే.’